పుట్టుకకూ సిలువకూ నడుమ

మెదక్ చర్చిలోకి పగటిపూట అడుగుపెట్టినవారి చూపు ముందుగా కిటికీల మీదికే పోతుంది. ఫ్రాంక్ సాల్స్‌బరీ అనే ఆంగ్ల చిత్రకారుడు గీసిన మూడు పెద్ద రంగుటద్దాల కిటికీలవి. ఒకదానిలో పశువుల పాకలో పుట్టిన బిడ్డ. ఇంకొకదానిలో సిలువ మీద ప్రాణం విడుస్తున్న మనిషి. మూడోదానిలో పరలోకానికి ఆరోహణమవుతున్న ప్రభువు. బయట ఎండ ఉంటేనే ఈ బొమ్మలు వెలుగుతాయి, పొద్దుగూకితే రంగులన్నీ ఆరిపోతాయి. ఆ చర్చి కట్టుబడి 1914లో మొదలైంది. కరువు రోజుల్లో ఆ చుట్టుపక్కల జనానికి కూలి దొరకాలని చార్లెస్ వాకర్ పాస్నెట్ అనే వెస్లియన్ మిషనరీ తలపెట్టిన పని అది. పదేళ్లకు, 1924 క్రిస్మస్ నాడు, ప్రతిష్ఠ జరిగింది.

పుట్టుక, మరణం, ఆరోహణం. మూడు కిటికీలూ ఈ మూడింటికే సరిపోయాయి. నడుమనున్న ముప్పై చిల్లర ఏళ్ల బతుక్కి చోటు లేదు. చర్చిల్లో అందరూ లేచి నిలబడి పలికే విశ్వాస ప్రమాణమూ అంతే. కన్య మరియ కడుపున పుట్టాడని చెప్పి, వెంటనే పొంతి పిలాతు కాలంలో శ్రమపడ్డాడనే దగ్గరికి వెళ్లిపోతుంది. సిద్ధాంతానికి ఆ రెండు కొసలూ చాలు కాబోలు. కానీ ఒక విశ్వాసిని కూర్చోబెట్టి, యేసు నీకు ఎవరని అడిగితే, జవాబు ఎక్కువగా ఆ నడిమి భాగం నుంచే వస్తుంది. బావి దగ్గర నీళ్లడిగినవాడు, కుష్ఠురోగిని ముట్టుకున్నవాడు, స్నేహితుడి సమాధి దగ్గర ఏడ్చినవాడు, తుపానులో పడవ వెనక భాగాన అలిసి నిద్రపోయినవాడు. సిలువ మీద ఉన్నది ఎవరో తెలియాలంటే ఆ మనిషి అంతకుముందు ఎలా బతికాడో తెలియాలి. తెలుగు నేల మీద క్రైస్తవం వేళ్లూనుకున్న తీరు చూస్తే ఇది మరీ స్పష్టంగా కనిపిస్తుంది.

ముందు ఆ బతుకు ఎక్కడ గడిచిందో చూడాలి. నజరేతు గలిలయ కొండల్లో ఒక చిన్న పల్లె. పాత నిబంధనలో దాని పేరైనా కనబడదు. అక్కడికి సుమారు ఆరు కిలోమీటర్ల దూరంలో సెఫోరిస్ అనే పట్నం ఉండేది. గలిలయ పాలకుడు హేరోదు అంతిప దాన్ని ఆ రోజుల్లోనే తిరిగి కట్టించాడు. పల్లెలోని వడ్రంగులకూ తాపీ పనివాళ్లకూ అక్కడ పని దొరికి ఉంటుందని చాలామంది పండితుల ఊహ. యేసు చేసింది ఆ పనే. పన్నెండో ఏట యెరూషలేము దేవాలయంలో బోధకుల మధ్య కూర్చున్న ఒక్క సంఘటన తప్ప, పసితనం తర్వాత దాదాపు ముప్పై ఏళ్ల వయసు వచ్చేదాకా ఆయన జీవితం గురించి సువార్తలు ఏమీ చెప్పవు. జనం మధ్య తిరిగి బోధించింది మూడేళ్లకు మించదని, యోహాను సువార్తలో కనిపించే పస్కా పండుగలను బట్టి లెక్క వేస్తారు.

అంటే బోధించిన కాలం కన్నా చేతిపని చేసుకుంటూ ఊరకుండిన కాలం పదింతలు ఎక్కువ. ఈ లెక్కను చరిత్రకారులు ఒక ఖాళీగా చూస్తారు. విశ్వాసికి అది ఖాళీ కాదు. దేవుడు మనిషిగా వచ్చి, ఎవరూ రాసిపెట్టుకోనంత మామూలు పనిలో ముప్పై ఏళ్లు గడిపాడని నమ్మేవాడికి, తన పనికీ తన అలసటకూ ఒక విలువ దొరుకుతుంది. పొలం పనికి పోయే ఆమె, షట్టరింగ్ కొట్టే కుర్రాడు తమ రోజును ఆ ముప్పై ఏళ్లలో చూసుకోగలరు.

ఆయన చెప్పిన కథల్లోకి కూడా ఆ పని వాసన వచ్చింది. విత్తనాలు చల్లే రైతు, పిండిలో పులిపిండి కలిపే ఆడమనిషి, పోయిన నాణెం కోసం ఇల్లంతా ఊడ్చే ఆమె, బండ మీద పునాది వేసేవాడు, ఇసుక మీద వేసేవాడు. వీటన్నిటిలో మత్తయి సువార్తలోని ద్రాక్షతోట కూలీల కథ తెలుగు పట్టణాల అడ్డా కూలీకి ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేదు. పొద్దున్నే కొందరిని పనికి పిలుచుకుపోతారు. తొమ్మిదింటికి ఇంకొందరిని, మధ్యాహ్నం మరికొందరిని. సాయంత్రం ఐదు గంటలకు కూడా కొందరు అక్కడే నిలబడి ఉంటారు, తమను ఎవరూ పిలవలేదని చెబుతారు. ఆ చివరి గంటకు వచ్చినవాళ్లకూ యజమాని రోజు కూలి మొత్తం ఇస్తాడు. పొద్దున్నుంచి చేసినవాళ్లు గొణుగుతారు. అది అన్యాయమని వాదించేవాళ్లు చర్చిలోనూ ఉంటారు. పొద్దంతా నిలబడి ఎవరూ పిలవక ఇంటికి తిరిగివెళ్లిన అనుభవం ఉన్నవాడు మాత్రం ఆ కథ విని వాదించడు.

ఈ జీవితానికి చరిత్రలో ఆధారం ఉందా అని అడిగేవాళ్లూ ఉంటారు. అడగవలసిన ప్రశ్నే. పొంతి పిలాతు క్రీ.శ. 26 నుంచి 36 వరకు యూదయను పాలించిన రోమన్ అధికారి. అతని పేరు చెక్కిన రాయి 1961లో కైసరయ తవ్వకాల్లో బయటపడింది. తిబెరి చక్రవర్తి కాలంలో పిలాతు చేతిలో క్రీస్తు మరణశిక్ష పొందాడని రోమన్ చరిత్రకారుడు టాసిటస్ రెండో శతాబ్దం మొదట్లో రాశాడు, అదీ క్రైస్తవుల మీద ఏ అభిమానమూ లేకుండా. నాలుగు సువార్తల్లో మార్కుది అన్నిటికన్నా ముందరిదని, సుమారు క్రీ.శ. 70 ప్రాంతానిదని ఎక్కువమంది పండితులు ఒప్పుకుంటారు. యేసు ఎలా ఉండేవాడో, ఎంత పొడుగో, ఏ రంగో ఏ సువార్తా చెప్పదు. తెలుగువాళ్లు మనసులో చూసుకునే ముఖం చాలావరకు 1978లో వచ్చిన ‘కరుణామయుడు’ సినిమాలో విజయచందర్ ముఖమే. ఊరూరా తెర కట్టి ప్రొజెక్టరు మీద ఆడించిన ఆ సినిమాను చర్చి గడప తొక్కనివాళ్లు కూడా నేల మీద కూర్చుని చూశారు. సినిమా హాలు లేని ఊళ్లకూ ఆ కథ అలా చేరింది.

యోహాను సువార్త నాలుగో అధ్యాయంలో ఒక బావి ఉంది. మిట్టమధ్యాహ్నం. నడిచి నడిచి అలిసిన యేసు బావి పక్కన కూర్చున్నాడు. ఒక సమరయ స్త్రీ నీళ్లకు వచ్చింది. తాగడానికి నీళ్లిమ్మని ఆయన ఆమెను అడిగాడు. ఆమె నిర్ఘాంతపోయింది. యూదులు సమరయుల పాత్ర ముట్టరు, వాళ్లతో పొత్తు పెట్టుకోరు, అలాంటిది యూదుడివై ఉండి నన్నెలా అడుగుతున్నావని నిలదీసింది. ఆ తర్వాత వాళ్లిద్దరి మధ్య సాగిన మాటలు సువార్తలన్నిటిలోనూ యేసు ఒక మనిషితో జరిపిన అతి పొడవైన సంభాషణల్లో ఒకటి.

ఐరోపాలో ఈ కథను ఆత్మదాహం గురించిన బోధగా ఎక్కువగా చదివారు. తెలుగు పల్లెలో దళిత విశ్వాసి చెవికి ముందు వినిపించేది వేరు. ఊరి బావి నుంచి నీళ్లు తోడుకోనివ్వని చోట, పైనుంచి ఎవరో దయతలచి పోస్తే దోసిలి పట్టవలసిన చోట, ఒక బోధకుడు తానే చేయి చాచి, అంటరానిదిగా చూడబడిన మనిషి కుండలో నీళ్లడిగాడు. ఆమె చేతి నీళ్లు తాగడానికి సిద్ధపడ్డాడు. ఈ ఒక్క సంఘటన చాలామంది పూర్వీకులకు వంద ప్రసంగాల పెట్టు అయ్యిందంటే ఆశ్చర్యం లేదు.

ఒంగోలు చరిత్ర దీనికి సాక్ష్యం. అమెరికన్ బాప్టిస్టు మిషన్ 1840లో నెల్లూరులో పని మొదలుపెట్టి, ఏళ్ల తరబడి చెప్పుకోదగ్గ ఫలితం లేక మూసేసే దాకా వచ్చింది. 1866లో ఆ మిషన్‌కు చెందిన జాన్ క్లౌ ఒంగోలులో స్థిరపడ్డాడు. అదే ఏడు యర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ తోళ్ల వ్యాపారి బాప్తిస్మం తీసుకుని, తన వ్యాపారపు దారులన్నిటా యేసు కథ చెప్పుకుంటూ నడిచాడు. మాదిగలను చేర్చుకుంటే మేం రామని పట్నంలోని పై కులాలవాళ్లు క్లౌకు చెప్పారు. ఆయనా ఆయన భార్యా ఎటూ తేల్చుకోలేక, వేర్వేరు గదుల్లో బైబిలు తెరిస్తే ఇద్దరికీ కొరింథీయుల పత్రికలో ఒకే భాగం కనబడిందట. లోకం నీచులుగా చూసినవాళ్లనే దేవుడు ఏర్పరచుకున్నాడని చెప్పే భాగం అది. క్లౌ స్వయంగా చెప్పుకున్న విషయమిది. నమ్మినా నమ్మకపోయినా, ఆ నిర్ణయం ఫలితం మాత్రం కళ్లముందుంది.

1876లో మొదలైన మహా కరువులో క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ల కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి ఇప్పించాడు. కూడు కోసం మతంలోకి వచ్చారన్న మాట పడకూడదని, కరువు సాయం నడిచినంతకాలం బాప్తిస్మాలు ఆపేశాడు. ఆపినకొద్దీ అడిగేవాళ్లు పెరిగారు. సాయం ముగిశాక, 1878 జులై 3న, వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్క రోజులో 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఇచ్చింది ఆరుగురు తెలుగు బోధకులు, ఒకేసారి ఇద్దరు చొప్పున నీళ్లలో నిలబడి. వచ్చినవాళ్లందరి మనసుల్లో ఒకటే కారణం ఉందని ఎవరూ అనరు. ఆకలి ఉంది, అవమానం ఉంది, చదువు మీద ఆశ ఉంది, పేరయ్య లాంటి తమవాడి మాట మీద గురి ఉంది. యేసు దగ్గరికి వచ్చినవాళ్లు కూడా రొట్టె కోసమూ, రోగం నయం కావడం కోసమూ వచ్చినవాళ్లే. ఆయన వాళ్లను వెళ్లగొట్టలేదు. తెలుగు క్రైస్తవుల పూర్వీకులను ‘బియ్యపు క్రైస్తవులు’ అని ఎగతాళి చేసినవాళ్లు సువార్తలోని ఆ భాగం చదవలేదనే అనుకోవాలి.

గుర్రం జాషువా రాసిన ‘క్రీస్తు చరిత్ర’కు 1964లో సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. కులం పేరిట అడుగడుగునా అవమానాలు మింగిన ఆ మహాకవి, యేసు జీవిత కథను తెలుగు కావ్యంగా మలచడానికి పూనుకోవడం యాదృచ్ఛికం కాదు. సిద్ధాంతాన్ని కావ్యం చేయడం కష్టం. బతుకును చేయవచ్చు.

మార్కు సువార్త మొదటి అధ్యాయంలోనే ఒక కుష్ఠురోగి ఎదురవుతాడు. యేసు మాటతో బాగుచేయగలడని ఆ సువార్త చెప్పే మిగతా కథల్లో కనిపిస్తుంది. ఇక్కడ మాత్రం చేయి చాచి ముట్టుకున్నాడు, ఆ తర్వాతే బాగుచేశాడు. ఏళ్ల తరబడి ఎవరి చేయీ సోకని ఒంటికి ముందుగా కావలసింది ఆ ముట్టుకోవడమే. ఈ చిన్న సంఘటన నుంచి ప్రపంచంలో ఎన్ని ఆసుపత్రులు పుట్టాయో. వాటిలో ఒకటి నిజామాబాద్ దగ్గర డిచ్‌పల్లిలో ఉంది. స్కాట్లండ్ నుంచి వచ్చిన డాక్టర్ ఇసబెల్ కెర్ 1915లో దాన్ని నిలబెట్టింది. దానికి పెద్ద విరాళమిచ్చి అండగా నిలిచినవాడు రాజా నర్సాగౌడ్ అనే హిందూ దాత. ఊళ్లు తరిమేసిన రోగులకు అక్కడ చాల్మోగ్రా నూనె సూదిమందుతో పాటు ఇల్లూ, పొలం పనీ దొరికాయి. ఆమె 1932లో చనిపోయేదాకా ఆ పనిలోనే ఉంది. విశ్వాసి బైబిలు చదివే తీరు ఇది. ఆయన చేశాడు గనుక నేనూ చేయాలి అనేదాకా ఆ చదువు పూర్తికాదు.

ఇక్కడ ఒక తేడా చెప్పుకోవాలి. యేసు బోధను ప్రేమించడానికి క్రైస్తవుడు కానక్కర్లేదు. గాంధీజీకి కొండమీది ప్రసంగం ప్రాణసమానం. లండన్‌లో చదువుకునే రోజుల్లో దాన్ని చదివి కదిలిపోయానని ఆత్మకథలో రాసుకున్నారు. అయితే యేసు ఒక్కడే దేవుని అవతార పుత్రుడన్న మాటను ఆయన ఒప్పుకోలేకపోయారు, ఆ సంగతీ దాచుకోలేదు. విశ్వాసి నిలబడేది సరిగ్గా ఆ గీతకు అవతల. క్రీ.శ. 325లో నీకేయ సభ, 451లో కల్కెదోను సభ తేల్చి చెప్పింది ఇదే: ఈయన పూర్తిగా దేవుడు, పూర్తిగా మనిషి. ఆ సభల వాదాలు సామాన్య విశ్వాసికి తెలియకపోవచ్చు. దాని సారం మాత్రం తెలుసు. బావి దగ్గర అలిసి కూర్చున్నవాడు దేవుడే అయితే, దేవుడికి అలసట తెలుసు. స్నేహితుడు లాజరు సమాధి దగ్గర కన్నీళ్లు పెట్టినవాడు దేవుడే అయితే, తన ఇంట్లో చావు జరిగిన రోజున ప్రార్థన వినేవాడికి ఆ దుఃఖం కొత్త కాదు. అందుకే విశ్వాసి యేసు గురించి గతంలో బతికిన మనిషిగా మాట్లాడడు. ‘ప్రభువు నాతో మాట్లాడాడు’ అంటాడు, ‘ఆయన నా చేయి విడవలేదు’ అంటాడు. సాక్ష్యం చెప్పడానికి మైకు దగ్గరికి వచ్చిన ముసలమ్మ, ఆసుపత్రి ఖర్చులూ కొడుకు తాగుడూ కోడలి కాన్పూ అన్నీ చెప్పి, నడుమ నడుమ ఆయన్ను తన ఇంటి మనిషిగా తలుస్తుంది.

ఆ జీవితం ఏడాది పొడుగునా ఇంట్లోకి వస్తుంది కూడా. డిసెంబరు మొదలయ్యేసరికి వాకిట్లో నక్షత్రం, రాత్రిళ్లు క్యారల్స్, ఊరూరా సెమీ క్రిస్మస్ సభలు. తర్వాత కథోలికులకు తపస్సు కాలం, ప్రొటెస్టెంట్లకు శ్రమదినాలు. మట్టల ఆదివారం పిల్లల చేతుల్లో ఈత మట్టలు. శుక్రవారాల్లో కథోలిక గుళ్లలో పద్నాలుగు స్థలాల సిలువ మార్గం, మోకాళ్ల మీద.

గుడ్ ఫ్రైడే నాటి ఆరాధన గురించి కొంచెం వివరంగా చెప్పుకోవాలి. మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా, సిలువ మీద యేసు పలికిన ఏడు మాటల మీద ఏడుగురు మాట్లాడతారు. మూడు లూకాలోవి, మూడు యోహానులోవి, ఒకటి మత్తయి మార్కుల్లోది. ఈ పద్ధతి పదిహేడో శతాబ్దం చివర్లో దక్షిణ అమెరికాలోని లిమా నగరంలో అలోన్సో మెసియా అనే జెస్యూట్ గురువు మొదలుపెట్టాడని చెబుతారు. అక్కడి నుంచి ఎన్నో చేతులు మారి కృష్ణా, గుంటూరు, ప్రకాశం పల్లెల దాకా వచ్చింది. పాస్టరుగారు ఒక్కరే మాట్లాడరు. బడి పంతులు ఒక మాట తీసుకుంటాడు, నర్సు ఒకటి, కాలేజీ కుర్రాడు ఒకటి. తల్లిని శిష్యుడికి అప్పగించిన మాట మీద చెప్పేవారు తమ తల్లి గురించి చెప్పకుండా ముగించరు. దాహం గురించిన మాట ఏప్రిల్ ఎండలో, ఉపవాసంతో ఎండిన నాలుకలతో వినేవాళ్లకు వేరే వ్యాఖ్యానం కోరదు. అన్నిటికన్నా బరువైనది నాలుగోది. దేవుడే తనను విడిచిపెట్టాడని యేసు గొంతెత్తి అరిచిన మాట. దాన్ని సువార్తికులు కప్పిపుచ్చకుండా రాసిపెట్టినందుకు విశ్వాసులు వాళ్లకు రుణపడి ఉండాలి. జీవితంలో ఏదో ఒక రాత్రి ఆ మాట అననివాళ్లు ఆ ఆరాధనలో తక్కువమంది ఉంటారు. తానొక్కడినే అనలేదని తెలియడం ఎంత ధైర్యమో అన్నవాళ్లకే తెలుసు.

ఈస్టరు తెల్లవారుజామున తెలుగు క్రైస్తవులు సమాధుల తోటకు వెళ్తారు. ముందురోజే గడ్డి పీకి, సున్నం వేసి, పూలు పెట్టి ఉంచుతారు. చీకట్లో కొవ్వొత్తులు వెలిగించి పునరుత్థానపు పాటలు పాడతారు. ఆడవాళ్లు చీకటితోనే సమాధి దగ్గరికి వెళ్లిన సువార్త కథను అడుగడుగునా తిరిగి నడవడమది.

ఇదే సమాధుల తోటలో కుల గోడలు కూడా ఉంటాయి, చెప్పక తప్పదు. ఏ కులం వాళ్ల సమాధులు ఎటువైపో విడివిడిగా ఉన్న ఊళ్లు భారతదేశంలో ఉన్నాయి. క్రైస్తవ పెళ్లిసంబంధాల ప్రకటనల్లోనూ కులం కనబడుతుంది. సంఘంలో దళితుల పట్ల వివక్ష ఉందని భారత కథోలిక పీఠాధిపతుల సమాఖ్య 2016లో విడుదల చేసిన తన విధాన పత్రంలో తానే ఒప్పుకుంది. చట్టం వైపు నుంచి ఇంకో దెబ్బ ఉంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవంలోకి వెళ్లిన దళితుడికి షెడ్యూల్డు కులాల హోదా ఉండదు. తర్వాత సిక్కులకూ బౌద్ధులకూ ఇచ్చిన సడలింపు క్రైస్తవులకు రాలేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో బీసీ-సీ కింద ఒక్క శాతం రిజర్వేషన్‌తో సరిపెట్టారు. ఊళ్లో వివక్ష మాత్రం ఎవరి మతం సర్టిఫికెట్టూ అడగదు. అయినా విశ్వాసం వదలని కుటుంబాలు లక్షల్లో ఉన్నాయంటే, వాళ్లకు యేసు జీవితం ఒక లాభసాటి బేరం కాదని ఒప్పుకోవాలి.

2022 ఆగస్టు 27న హైదరాబాదు అగ్రపీఠాధిపతి పూల ఆంథోని కార్డినల్ అయ్యారు. ఆ పదవి అందుకున్న తొలి దళితుడు, తొలి తెలుగువాడు ఆయనే. 2025లో పోపును ఎన్నుకున్న సభలో ఓటు వేసినవారిలో ఉన్నారు. పదవులు దక్కడం ఒక ఎత్తు. యేసు తన చివరి రాత్రి చేసిన పని ఇంకొక ఎత్తు. ఆ రాత్రి ఆయన నడుముకు తువ్వాలు చుట్టుకుని, పళ్లెంలో నీళ్లు పోసి, శిష్యుల కాళ్లు కడిగి, పనివాళ్లు చేసే పని తాను చేశాడు. తనను పట్టివ్వబోయే యూదా కూడా అప్పటికి ఆ బల్ల దగ్గరే ఉన్నాడు. ఏటా పవిత్ర గురువారం నాడు కథోలిక గుళ్లలో గురువు పన్నెండుమంది కాళ్లు కడుగుతాడు. చాలాకాలం ఆ పన్నెండుమందీ మగవాళ్లే కావాలని నియమం. 2013లో పోప్ ఫ్రాన్సిస్ రోములోని బాల నేరస్థుల జైలుకు వెళ్లి అక్కడి పిల్లల కాళ్లు కడిగారు, వాళ్లలో ఆడపిల్లలూ ముస్లింలూ ఉన్నారు. మూడేళ్లకు నియమమే మార్చారు. ఇప్పుడు ఆ పన్నెండుమందిలో స్త్రీలూ కూర్చోవచ్చు. ఆ కుర్చీల్లో ఎవరిని కూర్చోబెట్టాలో ప్రతి ఊళ్లోనూ ఎవరో ఒకరు నిర్ణయించాలి. చందాలిచ్చే పెద్దలనూ పరిచయమున్న ఇళ్లవాళ్లనూ పిలవడం తేలిక. ఊరు ఎవరి పాదాలు ముట్టడానికి ఇప్పటికీ వెనకాడుతుందో వాళ్లను ముందు పిలవమని సంఘం తన గురువును అడగాలి. బావి దగ్గర నీళ్లడిగినవాడి పేరు పెట్టుకున్నవాళ్లకు అలా అడిగే హక్కు ఉంది.